మడిస్తే బంద్ అయినట్టేనా?

మా బావకు తాండూరులో బండలకు పాలిష్ పట్టే యూనిట్ ఉంది. రోజంతా ఆ మిషన్ల రొదలో అరిచి అరిచి మాట్లాడిన మనిషి కనుక, ఇంటికొచ్చాక కూడా ఆయన గొంతు తగ్గేది కాదు. పక్కన కూర్చున్నవాళ్ళతో కూడా వీధి చివర ఉన్నవాళ్ళను పిలిచినట్టే మాట్లాడేవాడు. ఆ గొంతుతో ఆయన పొద్దస్తమానం అనే మాట ఒకటుంది. బంద్.

"అర్రల ఎవ్వరు లేరు, ఫ్యాన్ ఎవని కోసం తిరుగుతున్నది? బంద్ చెయ్యున్రి." "ట్యాంకు నిండింది, మోటర్ బంద్ చెయ్యున్రి." "టీవీ బంద్ చేసి తినున్రి." ఇంటికొచ్చిన చుట్టాలకు కూడా మినహాయింపు లేదు. నేను వికారాబాద్ నుంచి ఎప్పుడు వెళ్ళినా, స్నానం చేసి బయటికి రాగానే వరండాలోంచి కేక వినపడేది. "ఏం లెక్కల పంతులమ్మా! కరెంటు మీ సర్కారు పుణ్యానికి ఇస్తున్నదా? బాత్‌రూమ్ లైటు బంద్ చెయ్యి." నేను ఊరుకుంటానా? "బావా, ఆ పది రూపాయల కరెంటు నా జీతంలో పట్టుకో" అని నేనూ వరండా దాకా వినపడేలా అరిచేదాన్ని. ఆయన పగలబడి నవ్వేవాడు. మరదలితో మాట పడటం ఆయనకు ఇష్టం. నాకూ ఇష్టమే.

అక్కకే విసుగు. "ఊర్లున్న కరెంటంత బంద్ చేపిస్తడు. ఈయన నోరొక్కటి బంద్ కాదు" అని వంటింట్లో గిన్నెలు గట్టిగా పెట్టేది. అక్క ఆ మాట అనగానే బావ ఇంకో లైటు వెతికేవాడు.

అలాంటి మనిషికి మాట పోయింది. ఒకరోజు పొద్దున పళ్ళు తోముకుంటూ ఉండగా చేతిలోంచి బ్రష్ జారిపోయిందట. తీసుకోబోతే చెయ్యి లేవలేదట. అక్కను పిలుద్దామనుకుంటే నోరు ఒక పక్కకు పోయిందట. హైదరాబాద్‌లో ఆసుపత్రికి తీసుకెళ్ళాం. ప్రాణానికి గండం తప్పింది. కాలు కొంత వచ్చింది, కర్ర పట్టుకుని నడుస్తున్నాడు. కుడిచెయ్యి అంతంతమాత్రం. మాట మాత్రం రాలేదు. ఆయనకు మనం చెప్పేదంతా అర్థమవుతుందని, చెప్పాలనుకున్న మాట మనసులో ఉంటుందని, అది నోటి దాకా వచ్చే దారి దెబ్బతిన్నదని డాక్టరు చెప్పాడు. మళ్ళీ ఒక్కో మాటా నేర్చుకోవాలి, మొదటి నెలల్లో ఎంత సాధన చేస్తే అంత మంచిది, ఇప్పుడు వదిలేస్తే తర్వాత కష్టమవుతుంది అన్నాడు.

మాటలు నేర్పే మేడం హైదరాబాద్‌లో ఉంటుంది. వారానికి మూడుసార్లు ఆయనను అంత దూరం తిప్పడం అయ్యే పని కాదు. అందుకని వీడియోలో క్లాసు పెట్టారు. ఫోన్‌లో మేడం ముఖం చిన్నగా ఉండి బావకు పెదాల కదలిక ఆనడం లేదని అక్క బిడ్డ తన పాత ల్యాప్‌టాప్ తెచ్చి ఇచ్చింది. ఆ పిల్లకు హైదరాబాద్‌లో ఉద్యోగం. సెలవు దొరికినప్పుడు వచ్చిపోతుంది.

మొదట్లో బాగానే సాగింది. "మేడం 'ఆ' అనుమంటే అన్నడు చెల్లె" అని అక్క ఫోన్ చేసి ఏడ్చింది. తర్వాత 'అమ్మ' వచ్చింది. 'నీళ్ళు'లో సగం వచ్చింది. ఆ తర్వాత కబుర్లు రావడం తగ్గిపోయింది. ఒక శుక్రవారం నేను మోమిన్‌పేట్ దగ్గర మా బడి నుంచి ఇంటికి పోవడానికి బస్సు కోసం నిలబడి ఉంటే అక్క ఫోన్ వచ్చింది.

"చెల్లె, మీ బావ ఇగ క్లాసుకు కూసోనంటున్నడు."

"ఎట్ల చెప్పిండు?"

"చెప్పుడేంది, కుర్చీ గోడ దిక్కు తిప్పుకున్నడు. మొన్న తిప్పుకున్నడు, ఇయ్యాల తిప్పుకున్నడు. మేడం జర రోజులు ఆపుదామా అంటున్నది. ఆపితే ఇగ మాటొస్తదా?"

ఆ చివరి మాట అడిగేటప్పుడు అక్క గొంతు ఎలా ఉందో నేను రాయలేను. నేను తేలే సంగతే అడిగాను.

"ఎందుకు తిప్పుకున్నడు? ఏమైంది?"

"గా ల్యాప్‌టాపే సతాయిస్తున్నది. మేడం మొఖం ఆగిపోతది. నోరు తెరిచింది తెరిచినట్టే ఉంటది. మల్ల ఎప్పుడో మాటొస్తది. మీ బావకు కోపమొచ్చి లేస్తున్నడు."

"నెట్ మంచిగున్నదా?"

"నెట్‌కేమైంది? నా ఫోన్ల సీరియల్ ఆగకుంట వస్తున్నది."

"అయితే ల్యాప్‌టాప్ బంద్ చేసి మల్ల ఆన్ చెయ్యి."

"రోజూ బంద్ చేస్తున్న."

"రోజూనా?"

"క్లాసు అయిపోంగనే బంద్ చేస్త. దుమ్ము పడకుంట మీదికెళ్ళి బట్ట గూడ కప్పుత. బిడ్డ గూడ ఫోన్ల గదే అడిగింది, గదే చెప్పిన."

బట్ట దగ్గరే అనుమానం రావాలి. అనుమానం రాలేదు, బస్సు వచ్చింది. ఫోన్ చెవిన పెట్టుకునే ఎక్కాను.

"యూనిట్ల లెక్కలు రాసేటాయన వచ్చి చూసిండు. మెమొరీ నిండింది, ఫోటోలు తీసెయ్యాలె అన్నడు. బిడ్డ చిన్నప్పటి ఫోటోలన్ని దాంట్లనే ఉన్నయి. తీద్దామని కూసున్న."

"అక్కా! ఒక్క ఫోటో తీసినా మంచిగుండదు చెప్తున్న. ముట్టకు. రేపు రెండో శనివారం, నేనొస్తున్న."

నేను అంత గట్టిగా అరిచేసరికి బస్సులో ముందు సీటు ఆయన తిరిగి చూశాడు. నేను ఓపిక లేని మనిషిని. మా బడిలో ఒకసారి ప్రింటరులో ఇరుక్కున్న కాగితాన్ని లాగిన పాపానికి కంప్యూటరు గది తాళాలు నా మెడకు చుట్టారు. అప్పటినుంచి ఏ డబ్బా ఆగినా నన్నే పిలుస్తారు. ఆగిపోయిన డబ్బా ముందు నేను గంటలు కూర్చోగలను. "నేనేం చెయ్యలే, అదే ఆగింది" అనే మనిషి ముందు రెండు నిమిషాలు కూర్చోలేను.

మర్నాడు పొద్దున వికారాబాద్‌లో రైలెక్కాను. పెట్టెలో కన్నడం మాట్లాడే ఆడవాళ్ళు ఇద్దరు సర్దుకుని నాకు చోటిచ్చారు. తాండూరు దగ్గర పడుతుంటే ఎప్పటిలాగే పేర్చిన బండల వరసలు, వాటి పక్కన చెట్ల ఆకుల మీద తెల్లటి దుమ్ము. ఆ దుమ్ము చూస్తే నాకు బావ చొక్కా గుర్తొస్తుంది. ఎంత దులుపుకున్నా భుజాల మీద కొంచెం మిగిలే ఉండేది.

ఇంట్లోకి అడుగుపెట్టగానే ముందు వంటింట్లోకి తొంగిచూశాను. ఎవరూ లేరు. ఫ్యాను మాత్రం గిరగిరా తిరుగుతోంది. ముందు గదిలో పట్టపగలు ట్యూబ్‌లైటు వెలుగుతోంది. ఆ ఇంట్లో ఇలాంటిది నేనెప్పుడూ చూడలేదు. బంద్ చెయ్యమనేవాళ్ళు లేక అన్నీ వాటి ఇష్టం వచ్చినట్టు నడుస్తున్నాయి. నాకు దుఃఖం వచ్చింది. లైటు ఆపబోయి, ఎందుకో చెయ్యి రాక, అలాగే వదిలేశాను.

బావ కిటికీ పక్కన కుర్చీలో ఉన్నాడు. చిక్కిపోయాడు. నన్ను చూసి ఎడమ చెయ్యి ఎత్తాడు, నోరు తెరిచాడు, "ఆ... ఆ..." అన్నాడు. పంతులమ్మా అనాలని ఆయన తంటాలు. నేను ఆగలేక "పంతులమ్మనే బావా, నేనే" అనేశాను. ఆయన నోరు మూసుకున్నాడు. ఆయన మాట నేను లాక్కోకుండా ఉండాల్సిందని అక్క కళ్ళు చెప్పాయి.

ల్యాప్‌టాప్ అలమారలో, కుట్టుపని చేసిన తెల్ల బట్ట కింద, దేవుడి పటం పక్కన ఉంది. అక్క దాన్ని రెండు చేతులతో తెచ్చి బల్ల మీద పెట్టింది. మూత ఎత్తిందో లేదో లోపల ఫ్యాను హోరెత్తింది. బాణం గుర్తును ఇటునుంచి అటు జరిపితే అది ఆలోచించుకుని ఆలోచించుకుని కదిలింది.

"ముందు మీరు రోజూ చేసినట్టే చెయ్యున్రి. ఎట్ల సతాయిస్తదో చూస్త" అన్నాను. "అక్కా, నువ్వు బావ పక్కన కూసో. నేను పెరట్లకు పోయి ఫోన్ల నుంచి వీడియో కాల్ చేస్త. మేడం అడిగినట్టే అడుగుత." బావ ముఖం తిప్పుకోబోయాడు. "మేడం ముందర కూసుంటవు గని, మరదలి ముందర సిగ్గయితుందా బావా?" అన్నాను. ఆయన ముక్కుతో ఒక చప్పుడు చేసి కూర్చున్నాడు.

పెరట్లో నిలబడితే ముందు గది కిటికీ ఎదురుగా ఉంటుంది. అద్దాల తలుపులు వేసి ఉన్నాయి కనుక లోపలి మాట బయటికి రాదు కానీ మనుషులు కనిపిస్తారు. కాల్ కలిపాను. ఫోన్‌లో బావ ముఖం వచ్చింది. గ్లాసుతో నీళ్ళు ఎత్తి చూపించి అడిగాను, "బావా, ఇదేంది?"

ఫోన్‌లో బావ కదల్లేదు. అడిగిన మాట చేరలేదేమోనని తలెత్తి కిటికీ వైపు చూశాను. లోపల బావ మెల్లగా ముందుకు వంగాడు. మెడ నరాలు బిగిశాయి. పెదాలు వెడల్పయ్యాయి, నాలుక పళ్ళ వెనక ఆనింది, ఏదో అన్నాడు. తర్వాత తెర వైపు చూస్తూ ఉన్నాడు. తెరలో నేను గ్లాసు పట్టుకుని బొమ్మలా ఆగిపోయి ఉంటాను కదా. ఎదురుచూసి ఎదురుచూసి ఆయన తల అడ్డంగా ఊపాడు. ఎడమ చేత్తో తొడ మీద గట్టిగా కొట్టుకున్నాడు. తల దించేశాడు.

అప్పుడు నా చేతిలోని ఫోన్‌లో బావ మెల్లగా ముందుకు వంగాడు. "నీ... ళ్ళు" అన్నాడు.

స్పష్టంగా అన్నాడు. రెండక్షరాలూ అన్నాడు. ఫోన్‌లోని బావ ఇంకా ఆశగా నా వైపు చూస్తూనే ఉన్నాడు. కిటికీలోని బావ అప్పటికే ఓడిపోయి కూర్చున్నాడు.

ఇన్నాళ్ళూ ఆయన సరిగ్గా అంటూనే ఉన్నాడు. మేడం మెచ్చుకోలు ఎప్పుడో ఆలస్యంగా వచ్చేసరికి ఈయన ఆ మాట వదిలేసి ఇంకోటి ప్రయత్నిస్తున్నాడు. ఆ మెచ్చుకోలు దేనికో ఆయనకు తెలియడం లేదు. ఆగిపోయిన ముఖాన్ని చూసి, నేను తప్పు పలికాను, మేడంకు అర్థం కాలేదు అనుకుంటున్నాడు. లోపం డబ్బాది. సిగ్గుపడుతున్నది మనిషి. పాడైంది మొత్తం తనలోనే అని నమ్మేశాడు.

చెప్పులు కూడా విడవకుండా లోపలికి పరుగెత్తాను. "బావా! నువ్వు నీళ్ళు అన్నవు. మంచిగన్నవు. నాకు వినపడ్డది. ఈ ముండమోపి డబ్బానే ఆలస్యంగ తెచ్చింది."

ఆయన నన్ను నమ్మలేదు. ఊరుకోబెట్టడానికి అంటున్నానని అనుకున్నాడు. ఆసుపత్రి నుంచి వచ్చినప్పటినుంచి అందరూ ఆయనను ఊరుకోబెడుతున్నవాళ్ళే మరి. చెయ్యి పట్టుకుని పెరట్లోకి నడిపించాను. ఈసారి అక్కను కుర్చీలో కూర్చోబెట్టి, నా ఫోన్ ఆయన చేతికిచ్చాను. "అక్కా, ఏదన్న అను" అని సైగ చేశాను. అక్క కిటికీలో నోరు తెరిచి మూసింది. చాలాసేపటికి ఫోన్‌లో అక్క నోరు తెరిచి, "ఏమనాలె?" అంది. బావ కిటికీని చూశాడు, ఫోన్‌ను చూశాడు, మళ్ళీ కిటికీని చూశాడు. యూనిట్‌లో బండ పగిలితే ఎక్కడ పగిలిందో చూసే చూపది. తర్వాత ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నేను చూడనట్టు వేపచెట్టు వైపు తిరిగాను. నా పరిస్థితీ అంతే.

ఇక డబ్బా పని పట్టాను. లోపల ఏమేం నడుస్తున్నాయో చూపించే పట్టిక తెరిస్తే, మెమొరీ దగ్గర ఎర్రబడి ఉంది. ఇంకో చిటికెడు పట్టేలా లేదు. డిస్కులో మాత్రం బోలెడంత ఖాళీ.

"చూసినవా? ఫోటోలతోని నిండలే" అన్నాను.

"మరి మెమొరీ నిండిందన్నడు గదా?"

"నీ వంటింటి గట్టు ఉన్నది, పక్కన సామాన్ల అర్ర ఉన్నది. అర్రల ఎన్ని బస్తాలున్నా వంట ఆగుతదా? గట్టు మీద చెయ్యి పెట్ట సందు లేకుంటే ఆగుతది. నీ ఫోటోలు అర్రల ఉన్నయి. వాటి జోలికి పోకు. ఈడ గట్టు నిండింది."

"గట్టు మీద ఏమున్నది?"

ఏం లేదని అడగాలి! మేడం పంపిన లింకు నొక్కినప్పుడల్లా తెర మీద ఒక కొత్త కిటికీ తెరుచుకుంది. క్లాసు అయ్యాక ఒక్కటీ మూయలేదు. అయిపోయిన క్లాసుల కిటికీలన్నీ పైన వరసగా, పేర్లు కనపడనంత సన్నగా ఇరుక్కుని ఉన్నాయి. వాటి మధ్యలో సగంలో ఆపిన భజన పాట, మామిడికాయ తొక్కు పెట్టడం చూపించే వీడియో. ఇవి చాలక బిడ్డ చదువుకునే రోజుల్లో వేసిన వైరస్ కాపలా ఒకటి, తర్వాత షాపువాడు వేసిన కాపలా ఇంకొకటి. రెండూ ఒకదాన్నొకటి అనుమానిస్తూ రోజంతా గస్తీ తిరుగుతున్నాయి.

"ఇవన్ని ఎందుకు మూయలే అక్కా?"

అక్క కొంగు వేలికి చుట్టుకుంది. "మూస్తే మేడం పోతదేమో అని. మల్ల ఎట్ల తేవాలె నాకేమెరుక? ఉండనీ అనుకున్న."

నా నోటి చివర దాకా వచ్చిన విసురు అక్కడే ఆగింది. ఆ వరసలో ఉన్నవి అక్కకు కిటికీలు కావు. ఆయనకు మాట వస్తుందన్న ఆశ. ఒక్కటి కూడా చేజార్చుకోలేదు పిచ్చిది.

అప్పుడు ఇంకో అంకె కంటపడింది. ఈ యంత్రం ఆగకుండా ఎంతకాలంగా నడుస్తోందో చెప్పే అంకె. నేను కళ్ళద్దాలు తుడుచుకుని మళ్ళీ చూశాను. అది ఈ ఇంటికి వచ్చిన రోజు నుంచి ఇప్పటిదాకా ఒక్కసారి కూడా ఆగలేదు.

"అక్కా, రోజూ బంద్ చేస్తున్న అన్నవు."

"చేస్తున్న."

"ఏదీ, చేసి చూపియ్యి."

అక్క నన్నొక వెర్రిదాన్ని చూసినట్టు చూసి, ల్యాప్‌టాప్ మూతను వంచి టప్పున మడిచింది. బట్ట కప్పింది. అంచులు సర్దింది. "ఇగో. బంద్."

నేను నవ్వాను. ఆపుకోలేక బల్ల మీద తల పెట్టి నవ్వాను. అక్క తప్పేముంది? మా దగ్గర తలుపు మూసినా బంద్, ఫ్యాను ఆపినా బంద్, దుకాణం కట్టేసినా బంద్, డబ్బా మూత పెట్టినా బంద్. అన్నిటికీ ఒకటే మాట. నేను ఫోన్‌లో బంద్ చెయ్యమన్నాను, బిడ్డ బంద్ చెయ్యమంది, అక్క ఏ రోజూ తప్పకుండా మడిచి బంద్ చేసింది. మూత కింద అది మాత్రం అన్నీ నెత్తిన పెట్టుకుని కునుకు తీసి, తెల్లారి మళ్ళీ అదే బరువుతో లేచేది.

నవ్వు నా ఒక్కదానిదే కాదని కాసేపటికి తెలిసింది. కుర్చీలో బావ భుజాలు కదులుతున్నాయి. ముఖంలో ఒక పక్కే నవ్వుతోంది. అయినా అది నవ్వే. అక్క మొదట ఉడుక్కుని, ఆయనను చూసి ఉడుకు మరిచిపోయింది.

మేడంవి కాని కిటికీలన్నీ మూశాను. మేడం లింకును ఒకచోట పదిలంగా పెట్టి, ఇది నొక్కితే మేడం ఎప్పుడైనా వస్తుందని రెండుసార్లు తెచ్చి చూపించాకే అక్క మిగతావి మూయనిచ్చింది. కాపలావాళ్ళలో ఒకడిని పంపేశాను. తెరవగానే తమంతట తాము లేచి కూర్చునే వాటన్నిటినీ వద్దన్నాను. తర్వాత రీస్టార్ట్ నొక్కాను. తెర నల్లబడింది. లోపలి హోరు ఆగింది. అన్ని రోజుల్లో మొదటిసారి అది నిజంగా ఊపిరి తీసుకుంది. మళ్ళీ వచ్చేసరికి మెమొరీ సగానికి దిగింది. బాణం గుర్తు వేలితో పాటే కదిలింది.

"ఇగ విను. మడుచుడు వేరు, బంద్ చేసుడు వేరు" అని అక్కకు పాఠం మొదలుపెట్టాను. "ఈ మూలకు పో. ఈ గుర్తు నొక్కు. షట్ డౌన్ అని వస్తది. అది నొక్కు. నల్లగయ్యేదాక ఆగు. గప్పుడు మడువు." అక్క చేత మళ్ళీ మళ్ళీ చేయించాను. పదో తరగతి పిల్లలకు కూడా నేను అంత ఓపికగా చెప్పలేదు. బావ కుర్చీలోంచి చూస్తూ ఉన్నాడు. ఆయన వింటున్నాడని నేను అనుకోలేదు. అలసిపోయి అలా చూస్తున్నాడనుకున్నాను.

ఆ రోజు క్లాసు లేకపోయినా నేను ఫోన్ చేసి అడిగితే, మధ్యాహ్నం అన్నాలు తిన్నాక మేడం క్లాసు పెట్టింది. బావ గోడ వైపు తిరగలేదు. తానే కర్ర పట్టుకుని వచ్చి బల్ల ముందు కూర్చున్నాడు. మేడం చిన్న వయసు పిల్ల. తెరలోకి రాగానే "అంకుల్ వచ్చిండా!" అని ఎంత సంతోషపడిందో. చాయ్ కప్పు బొమ్మ చూపించింది. బావ "చా" అన్నాడు. అన్న వెంటనే, ఆయన పెదాలు ఇంకా మూతపడకముందే, మేడం చప్పట్లు కొట్టింది. బావ ఉలిక్కిపడ్డాడు. నా వైపు తిరిగి చూశాడు. వచ్చిందా అని ఆ చూపు. వచ్చింది బావా, వచ్చింది అని నేను తలూపాను.

అన్నీ రాలేదు. ఉల్లిగడ్డ బొమ్మకు 'గడ్డ' దాకా వచ్చి ఆగాడు. తాళంచెవి ఎంత తన్నుకున్నా రాలేదు. కానీ రాకపోతే వెంటనే "పర్వాలేదు, ఇంకోసారి" అని మేడం అంటోంది, ఇంకోసారి అంటున్నాడు. ఏది వచ్చిందో, ఏది రాలేదో ఇప్పుడు ఆయనకు తెలుస్తోంది. నాకు కావలసింది అదే.

క్లాసు అయిపోయింది. మేడం చెయ్యూపి వెళ్ళిపోయింది. సంతోషంలో అక్క లేచి, కొంగుతో కళ్ళొత్తుకుని, చెయ్యి అలవాటు చొప్పున మూతను టప్పున మడిచేసింది. తెల్ల బట్ట కప్పింది. అంచులు సర్దుతోంది. నేను చెప్పబోయాను.

"బం..."

నా గొంతు కాదు.

"బం... ద్." బావ ముందుకు వంగి ఉన్నాడు. మెడ నరాలు బిగిసి ఉన్నాయి. ఎడమ చెయ్యి ల్యాప్‌టాప్ వైపు చాచి ఉంది.

అక్క ఉన్నచోటే ఆగిపోయింది. "చేసిన గదా" అంది చిన్నగా.

ఆయన తల అడ్డంగా ఊపాడు. అరచేతిని మూతలా వంచి చూపించి, అది కాదన్నట్టు చెయ్యి విసిరాడు. "కా... లే. బంద్... కాలే."

ఈసారి నేను ఆయన మాట లాక్కోలేదు. అక్కకు సాయం కూడా పోలేదు. అక్క బట్ట తీసింది, మూత ఎత్తింది, వేలితో ఆ మూల గుర్తు వెతికింది. ఒకసారి తప్పు నొక్కింది. బావ విసుక్కోకుండా ఎదురుచూశాడు. షట్ డౌన్ నొక్కింది. ముగ్గురం తెర వైపు చూస్తూ కూర్చున్నాం. అది నల్లబడింది. అక్క మెల్లగా మడిచి ఆయన ముఖంలోకి చూసింది. ఆయన, సరే అన్నట్టు, కళ్ళు మూసి తెరిచాడు.

తర్వాత ఆయన చూపు వంటింటి గుమ్మం మీదికి పోయింది. లోపల ఎవరూ లేరు. పొద్దుటినుంచి ఆ ఫ్యాను తిరుగుతూనే ఉంది. ఆయన ఎడమచేతి వేలు ఎత్తి అటు చూపించాడు.

"అది... గూడ."

అక్క లేచి వంటింట్లోకి వెళ్ళింది. స్విచ్ టక్కుమంది. ఫ్యాను రెక్కలు నెమ్మదిగా ఆగాయి. ఆ తర్వాత లోపలి నుంచి వచ్చిన ఏడుపు మా ఇద్దరికీ వినపడింది. దాన్ని మాత్రం బావ బంద్ చెయ్యమనలేదు.